పాడయ్యాక మార్చాలా, పాడవకముందే మార్చాలా?

ఈ వారం రోగాల గురించి, గూళ్ల రేట్ల గురించి కాదు. షెడ్డులో తిరిగే సామాను గురించి నాలుగు మాటలు రాస్తున్నాను. ఇది నా అభిప్రాయం. ఒప్పుకోని వాళ్లు గ్రూపులో చెప్పండి, మాట్లాడుకుందాం.

పోయిన ఏప్రిల్‌లో మా షెడ్డులో ఒక కూలర్ ఫ్యాను కెపాసిటర్ పోయింది. సామాను ఖరీదు 150 రూపాయలు. పోయింది ఎప్పుడు? 250 గుడ్ల బ్యాచ్, ఐదో దశ నాలుగో రోజు, మధ్యాహ్నం రెండు గంటలకు. మా ఎలక్ట్రీషియన్ తమ్ముడు పెళ్లికి పోయి ఉన్నాడు. టౌన్‌కి పోయి కెపాసిటర్ తెచ్చి, ఇంకొకర్ని బతిమాలి వేయించేసరికి మర్నాడు పదకొండు అయింది. అప్పటిదాకా ఆ వైపు వేడి 33 డిగ్రీలు దాటింది. ఐదో దశలో 24 డిగ్రీల చుట్టూ ఉండాలని మనందరికీ తెలుసు. ఆ వైపు పురుగు ఆకు ముట్టడం తగ్గించేసింది. ఎప్పుడూ 170 కిలోల దాకా వచ్చే షెడ్డులో ఆ పంటకు 140 వచ్చాయి. 30 కిలోలు, నాకు పడిన రేటు కిలో 450 లెక్కన 13,500 రూపాయలు. అంటే ఆ కెపాసిటర్‌కి నేను కట్టిన ధర 150 కాదు, 13,650.

తప్పు ఎవరిదీ కాదు, నాదే. ఆ కెపాసిటర్ మూడేళ్ల నాటిది. ఫ్యాను మెల్లగా ఎత్తుకుంటోందని నెల ముందే చూశాను. "ఈ పంట అయ్యాక చూద్దాంలే" అనుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి ఏమంటే, నేను ఈ పని తెలియనివాణ్ణి కాదు. మల్బరీ పెట్టకముందు తొమ్మిదేళ్లు మనలిలో మెయింటెనెన్స్ ఫిట్టర్‌గా కాంట్రాక్టు పని చేశాను. మనలి అంటే మంచు కొండల మనాలి కాదు. మద్రాసుకు ఉత్తరాన, తిరువొత్తియూరు పక్కన ఉండే మనలి. 1965లో మద్రాస్ రిఫైనరీస్ పేరుతో ఏర్పడి, ఇప్పుడు చెన్నై పెట్రోలియం అని పిలిచే ఆయిల్ రిఫైనరీ అక్కడే ఉంది. మద్రాస్ ఫెర్టిలైజర్స్ అక్కడే. చుట్టూ ఇంకా ఎన్నో కెమికల్ ఫ్యాక్టరీలు. నేను చేసింది ఎక్కడన్నది ఇప్పుడు అనవసరం. అక్కడ నేర్చుకున్నది మాత్రం మనకు పనికొస్తుంది.

*మనలిలో చూసింది*

అలాంటి ఫ్యాక్టరీ రాత్రీ పగలూ నడుస్తుంది. మధ్యలో ఆగితే నష్టం, ఒక్కోసారి ప్రమాదం. అందుకని వాళ్లు మూడు పనులు చేస్తారు.

ఒకటి, ముఖ్యమైన చోట పంపులు జంటగా పెడతారు. 'ఎ' పంపు నడుస్తుంటే 'బి' పంపు సిద్ధంగా ఉంటుంది. ఒకటి పోతే రెండోది ఎత్తుకుంటుంది.

రెండు, కొన్నేళ్లకోసారి యూనిట్ మొత్తం ఆపి షట్‌డౌన్ తీసుకుంటారు. అప్పుడు ఎటూ విప్పుతారు కాబట్టి, ఇంకా కొంతకాలం నడిచేలా కనిపించే సామాను కూడా కొన్ని చోట్ల తీసేసి కొత్తది వేస్తారు. విప్పిన ఫ్లాంజికి పాత గ్యాస్కెట్ మళ్లీ వేయరు. కొత్తలో నేను మా ఫోర్‌మన్‌ని అడిగాను, "అన్నా, ఇది బాగానే ఉంది కదా, ఎందుకు పడేయడం?" అని. ఆయన తమిళాయన. "తంబీ, దీని ధర చూడొద్దు. మళ్లీ విప్పే ధర చూడు" అన్నాడు. ఆ మాట నాకు తొమ్మిదేళ్ల జీతం కంటే ఎక్కువ.

మూడు, కొన్ని సామాన్లను అసలు పట్టించుకోరు. పోతే పోనీ, అప్పుడు మారుద్దాం అని వదిలేస్తారు. ఇది బద్ధకం కాదు. లెక్క వేసుకునే వదిలేస్తారు.

ఏది ముందే మార్చాలి, ఏది వదిలేయాలి అన్నదానికి పెద్ద శాస్త్రమే ఉంది. అమెరికాలో రిచర్డ్ బార్లో, ఫ్రాంక్ ప్రోషన్ అనే ఇద్దరు గణిత శాస్త్రజ్ఞులు 1964లో ఈ పద్ధతులను పోలుస్తూ ఒక వ్యాసం రాశారు. 1965లో దీని మీద పుస్తకమే తెచ్చారు. వాళ్ల లెక్కలు మనకు అక్కర్లేదు. తేల్చిన సంగతి మాత్రం కావాలి.

*మూడు పద్ధతులు*

మొదటిది మనందరం చేసేది. పోయాకే మార్చడం.

రెండోది వయసు చూసి మార్చడం. ప్రతి సామానుకూ పుట్టిన తేదీ రాసుకుంటాం. ఏడాది నిండగానే దాన్ని మారుస్తాం. మధ్యలో పోయి కొత్తది వేస్తే, దాని ఏడాది ఆ రోజు నుంచి మొదలవుతుంది.

మూడోది గంపగుత్తగా మార్చడం. ఫలానా నెల వచ్చిందంటే అన్నీ ఒకేసారి మారుస్తాం. వాటిలో ఒకటి నాలుగు నెలల కిందే వేసిందైనా సరే, దాన్నీ తీసేస్తాం.

బార్లో, ప్రోషన్ తేల్చింది ఇది. వాడేకొద్దీ అరిగిపోయే సామాను అయితే, గడువు ఒకటే పెట్టుకున్నప్పుడు, నడుస్తుండగా పాడవడం గంపగుత్త పద్ధతిలో అన్నిటికంటే తక్కువ. వయసు పద్ధతిలో కొంచెం ఎక్కువ. పోయాకే మార్చే పద్ధతిలో అన్నిటికంటే ఎక్కువ. ఖర్చయ్యే సామాను లెక్క మాత్రం దీనికి తలకిందులు. గంపగుత్తకు ఎక్కువ సామాను కావాలి, పోయాక మార్చేదానికి తక్కువ.

అంటే ఏ పద్ధతీ ఉచితం కాదు. సామాను డబ్బు పెట్టి నిశ్చింత కొనుక్కుంటున్నాం. ఎంత పెట్టి ఎంత కొంటున్నామో చూసుకోవాలి, అంతే.

*మన షెడ్డు లెక్క*

లెక్క కోసం అనుకుందాం. షెడ్డులో ఆరు కూలర్ పంపులు. ఒక్కోటి 400 రూపాయలు, సగటున ఏడాదిన్నర నడుస్తుంది. పంట మధ్యలో ఒకటి పోతే ఆకు నష్టం, గూళ్ల నష్టం, తిరుగుడు అన్నీ కలిపి ఇంకో 4,000 పోతుంది.

పోయాకే మారిస్తే ఏడాదికి సగటున నాలుగు పంపులు పోతాయి. నాలుగు సార్లు 4,400, అంటే 17,600.

ఏడాదికోసారి ఆరూ ఒకేసారి మారిస్తే 2,400. అయినా ఒకటి మధ్యలో పోయిందే అనుకుందాం, ఇంకో 4,400. మొత్తం 6,800.

వయసు చూసి మారిస్తే మహా అయితే ఒక పంపు, 400 రూపాయలు మిగులుతుంది. కానీ ఆరు తేదీలు గుర్తుపెట్టుకోవాలి. అందులో ఒక తేదీ తప్పకుండా ఐదో దశ మధ్యలో వచ్చి పడుతుంది. 400 మిగుల్చుకోవడానికి అంత తలనొప్పి నాకైతే వద్దు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. మన కూలర్లు, ఫాగర్లు, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఎప్పుడు నడుస్తాయి? పురుగు ఉన్నప్పుడే. షెడ్డు ఖాళీగా ఉన్నప్పుడు అన్నీ ఆపేస్తాం. నడిచేటప్పుడే కదా సామాను పోయేది. కాబట్టి మనకు పాడవడం అంటే దాదాపు ఎప్పుడూ పంట మధ్యలోనే. "నా ఖర్మ, సరిగ్గా ఐదో దశలోనే పోయింది" అంటాం. అది ఖర్మ కాదు. పురుగు తినే మొత్తం ఆకులో 80 శాతం పైన ఆ ఒక్క దశలోనే తింటుంది. షెడ్డు నిండా పురుగు, పురుగు ఒంటి వేడి, ఆకు తేమ. ఫ్యాన్లు, కూలర్లు అన్నిటికంటే గట్టిగా నడిచేది అప్పుడే. పోయేదీ అప్పుడే.

ఇంకో మాట. డబ్బా మీద కంపెనీ వేసిన ఆయుష్షును మన షెడ్డులో నమ్మొద్దు. బేరింగుల మీద ఇన్ని గంటలు అని చెప్పే లెక్కకు అర్థం, నూటికి తొంభై బేరింగులు అన్ని గంటలు దాటుతాయని. మిగతా పది ముందే పోతాయి. అది కూడా శుభ్రమైన చోట, సరైన గ్రీజుతో. మనం పంటకీ పంటకీ మధ్య బ్లీచింగ్ నీళ్లు కొడతాం, అది ఇనుమును తింటుంది. సున్నం చల్లుతాం, ఆ దుమ్ము బేరింగులో చేరుతుంది. బోరు నీళ్ల ఉప్పు ఫాగర్ నాజిల్‌లో గడ్డకడుతుంది. ఇవన్నీ రోగాలు రాకుండా తప్పక చేయాల్సినవే. కాకపోతే వాటి భారం సామాను మీద పడుతుందని తెలుసుకుని గడువు తగ్గించుకోవాలి.

*అన్నిటికీ ఇదే మందు కాదు*

ఇంతవరకూ చదివి "అయితే అన్నీ ఏడాదికోసారి మార్చేస్తాను" అంటే మోసపోతారు. పైన చెప్పిందంతా అరిగిపోయే సామానుకే.

డిజిటల్ థర్మోస్టాట్ ఉంది. అది అరిగి పోదు. కరెంటు ఎగిసిపడితే పోతుంది. నిన్న కొన్నదైనా పోతుంది, ఐదేళ్ల నాటిదైనా పోతుంది. దానికి వయసుతో పని లేదు. అలాంటిది ముందే మారిస్తే ఏం లాభం? పాత పంపు లెక్కనే తీసుకోండి. ఏడాదికి నాలుగు పోయే సామాను, అరుగుదలతో కాకుండా కరెంటు వల్ల పోతుంటే, ఆరూ మార్చినా మళ్లీ ఆ నాలుగూ పోతాయి. 2,400 అదనంగా పెట్టి 17,600 కాస్తా 20,000 చేసుకున్నట్టు.

1978లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజినీర్లు స్టాన్లీ నోలన్, హోవర్డ్ హీప్ విమానాల సామాను మీద ఒక రిపోర్టు ఇచ్చారు. వయసు పెరిగేకొద్దీ పాడయ్యే గుణం ఉన్నవి నూటికి 11 మాత్రమే అని అందులో తేలింది. 68 శాతం సామాను కొత్తలోనే ఎక్కువగా పాడై, ఆ గండం దాటితే తర్వాత నిలకడగా నడుస్తుంది. విమానం సామాను వేరు, మన కూలర్ వేరు, నిజమే. మన బేరింగు, రబ్బరు, బెల్టు, పంపు లాంటివి అరిగే జాతివే. కానీ కొత్తలోనే పాడయ్యే సంగతి మనకు కూడా పాఠమే.

ఈ పాఠం నేను రెండోసారి డబ్బు పెట్టి నేర్చుకున్నాను. ఏప్రిల్ దెబ్బ తిన్నాక జూన్‌లో బుద్ధిగా ఫ్యాన్ల కెపాసిటర్లు అన్నీ మార్చాను. ఎప్పుడు? చాకీ పురుగు దించే ముందు రోజు సాయంత్రం. రెండో రోజుకే ఒక కొత్త కెపాసిటర్ ఉబ్బిపోయింది. పాతది తీయకుండా ఉంటే ఆ పంట నడిచేదే. పురుగు చిన్నది కాబట్టి నష్టం పెద్దగా లేదు కానీ, తప్పు అర్థమైంది. మార్చిన వెంటనే పంట మొదలుపెట్టకూడదు. మార్చాక రెండు మూడు రోజులు ఖాళీ షెడ్డులోనే నడిపి చూడాలి. పోయేది అప్పుడే పోనీ.

*ఏది ఎలా*

నేను ఇప్పుడు సామానును నాలుగు కుప్పలుగా చూస్తున్నాను.

చవకది, అరిగేది, పోతే పంట దెబ్బతినేది: కూలర్ పంపులు, కెపాసిటర్లు, ఫాగర్ నాజిల్స్, చాఫ్ కట్టర్ బెల్టు, స్ప్రేయర్ వాషర్లు. ఇవి గంపగుత్త. ఎండాకాలం పంటకు ముందు షెడ్డు ఖాళీ ఉన్నప్పుడు ఒకేసారి. తీసిన పాతవి పారేయను. నడిచేవాటికి తేదీ రాసి డబ్బాలో వేస్తాను. అర్ధరాత్రి ఒకటి పోతే తెల్లారేదాకా లాక్కురావడానికి అవి చాలు.

ఖరీదుది, అరిగేది: ఇన్వర్టర్ బ్యాటరీలు, ఫ్యాను మోటార్ల బేరింగులు. ఇవి వయసు చూసి. ఖరీదు ఎక్కువ కాబట్టి నాలుగు నెలల నాటిది తీసి పడేయలేం. మోటారు మీదే పెయింటుతో నెల, సంవత్సరం రాయండి, పుస్తకం అక్కర్లేదు. బ్యాటరీలకు ఒక మెలిక ఉంది. రెండు కలిపి వాడుతుంటే రెండూ ఒకేసారి మార్చాలి. పాతదాని పక్కన కొత్తది పెడితే కొత్తది కూడా తొందరగా చస్తుంది.

వయసుతో పని లేకుండా పోయేది: థర్మోస్టాట్, స్టార్టర్‌లోని సామాను, టైమర్లు. వీటిని ముందే మార్చొద్దు. స్పేర్ ఒకటి షెడ్డులోనే పెట్టుకోండి. కరెంటు సరిగా లేని ఊళ్లలో స్టెబిలైజర్ పెట్టుకోండి.

పోయినా పంటకు ఏమీ కానిది: బల్బులు, ప్లాస్టిక్ ట్రేలు, బకెట్లు. పోయాకే మార్చండి. వీటి మీద ముందుచూపు చూపిస్తే దండగ.

ఊజీ ఈగ వల ఏ కుప్పలోనూ పడదు. అది ఒక్కసారిగా పోదు, చినుగు కనిపిస్తూనే ఉంటుంది. కాబట్టి పంటకోసారి చేత్తో తడిమి చూడటమే దానికి మందు.

"ఇదంతా ఎందుకు, అన్నిటికీ స్పేర్ పెట్టుకుంటే సరిపోదా?" అని మా బావమరిది అడిగాడు. మంచి ప్రశ్న. లెక్క వేద్దాం. స్పేర్ పంపు చేతిలో ఉండి అరగంటలో మార్చేస్తే, నష్టం 4,000 కాస్తా 500కి దిగుతుంది అనుకుందాం. పోయాకే మార్చినా ఏడాదికి నాలుగు సార్లు 900, అంటే 3,600. గంపగుత్త మార్చి, స్పేర్ కూడా పెట్టుకుంటే 2,400కి 900 కలిపి 3,300. పెద్ద తేడా లేదు. అంటే నిజం చెప్పాలంటే, ఒక్క పనే చేయగలిగితే ముందు స్పేర్ కొనండి.

కానీ ఆ అరగంట అనేది మనం మెలకువగా ఉండి, చూసి, చేయి తిరిగినవాళ్లమైతేనే. రాత్రి ఒంటిగంటకు పంపు పోతే తెల్లారి ఆకు వేయడానికి పోయినప్పుడు కదా చూసేది. ఇంట్లో ఆడవాళ్లే షెడ్డు చూసుకునే చోట, ఎలక్ట్రీషియన్ పది కిలోమీటర్ల దూరంలో ఉండే ఊళ్లో, స్పేర్ డబ్బాలో ఉన్నా వేసేవాళ్లు ఉండరు. అందుకే రెండూ కావాలి అంటాను. దాంతో పాటు కెపాసిటర్, పంపు మార్చడం ఇంట్లో ఇద్దరికైనా నేర్పండి. మెయిన్ ఆపి, కెపాసిటర్ కొసలను పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌తో కలిపి డిశ్చార్జి చేసి అప్పుడు ముట్టుకోవాలని మొదట నేర్పండి.

*తోట కూడా ఇంతే*

మల్బరీ తోట కూడా ఒక రకంగా ఇదే లెక్క. మొక్క చచ్చినచోటల్లా కొత్త నారు పెడుతూ పోవడం పోయాక మార్చే పద్ధతి. నాటిన మొదటి ఏడాది, రెండో ఏడాది అది మంచిదే. ముదురు తోటలో మాత్రం పెద్ద చెట్ల నీడలో కొత్త మొక్క ఎదగదు. లేచినా దాని ఆకు లేత, పక్కదాని ఆకు ముదురు. పన్నెండు, పదిహేనేళ్లు దాటి సందులు పడిన తోటను అతుకులు వేస్తూ లాగడం కన్నా, మడికి మడి తీసి కొత్తగా నాటుకోవడం మేలు. ఒక్కో ఏడాది ఒక్కో మడి చేసుకుంటే ఆకు ఆగదు, పంట ఆగదు.

*నా ప్రతిపాదన*

మన దగ్గర గొప్ప సౌకర్యం ఒకటి ఉంది. మనలి ఫ్యాక్టరీలకు కొన్నేళ్లకోసారి దొరికే షట్‌డౌన్ మనకు పంటకూ పంటకూ మధ్య దొరుకుతుంది. ఎటూ షెడ్డు కడుగుతాం, మందు కొడతాం. ఆ రోజుల్లోనే ఒక పూట సామానుకు కేటాయిద్దాం. వరుస మాత్రం తప్పొద్దు: ముందు బ్లీచింగ్, కడగడం. ఆరాక సామాను మార్చడం. తర్వాత కనీసం రెండు రోజులు ఉత్తగా నడిపి చూడటం. ఆ తర్వాతే పురుగు.

రెండోది గ్రూపుగా చేయాల్సింది. థర్మోస్టాట్, స్టార్టర్, కూలర్ మోటారు లాంటివి ఎవరి షెడ్డులో ఎప్పుడు పోతాయో తెలియదు. కానీ పదిమంది షెడ్లలో ఒకే రోజు పోవు. పదిమందీ పది మోటార్లు కొని మూల పెట్టడం ఎందుకు? ఊరికి ఒక పెట్టె పెడదాం. తలా కొంత వేసుకుని ఒక కూలర్ మోటారు, ఒక థర్మోస్టాట్, ఒక స్టార్టర్ కొని, నడిమధ్య ఉన్న ఒకరి ఇంట్లో ఉంచుదాం. వాడుకున్నవాళ్లు వారం లోపల కొత్తది కొని పెట్టాలి, అదొక్కటే షరతు. కూలర్లు ఒకే రకం కొనుక్కునే ఊళ్లలో ఇది ఇంకా సులువు. వేరు వేరు కంపెనీలవి కొంటే ఒకరి మోటారు ఇంకొకరికి అతకదు. కాబట్టి ఇక మీదట కొనేవాళ్లు పక్కవాళ్లు ఏది కొన్నారో అడిగి కొనండి.

పట్టు రైతుకు గుడ్డు మంచిది కావాలి, ఆకు మంచిది కావాలి, రేటు బాగుండాలి. ఈ మూడూ మన చేతిలో పూర్తిగా లేవు. 150 రూపాయల కెపాసిటర్ మన చేతిలో ఉంది. ఎండలు ముదరకముందే ఈ ఖాళీలో ఒకసారి షెడ్డులోకి పోయి, ఏ సామాను ఎప్పుడు వేశారో గుర్తు చేసుకోండి. గుర్తు రానిదాన్ని ముందు మార్చండి.

మా ఊళ్లో పెట్టెకు ఇప్పటికి ఏడుగురు ఒప్పుకున్నారు. మీ ఊళ్లో ఎవరైనా మొదలుపెడితే గ్రూపులో చెప్పండి, ఏం కొనాలో లిస్టు పంపుతాను.